నలభై రెండో స్థానం

సెకన్లాయనకి లోకంలో నచ్చినవి రెండే రెండని ఆయన భార్య లెక్క. ఒకటి ఆయన చేతిలో ఉండే స్టాప్‌వాచీ, రెండోది ఆయన అభిప్రాయం. మిగతావన్నీ ఆయన నోటికి మేత.

ఆయన్ని వీధి వీధంతా సెకన్లాయన అనే అనేవారు, వెనకాల. ఎదురుగా ఏదైనా అనే ధైర్యం ఎవరికీ లేదు. ఇంటి ముందు గదిలోనే ఆయన గడియారాలు బాగుచేసే కొట్టు. గడియారం పట్టుకొచ్చినవాళ్ళకి ముందు చివాట్లు, తర్వాత రసీదు. "దీన్ని చేతికి పెట్టుకుని గోడలకి సున్నం వేశారా?" అని కంటికి భూతద్దం బిగించుకుని అడిగేవాడు. ఎంత పెద్ద మనిషైనా సరే ఆ ప్రశ్నకి నీళ్ళు నమిలేవాడు. పని మాత్రం ఎంతో బాగా చేసేవాడు కాబట్టి తిట్లు తింటూనే మళ్ళీ వచ్చేవారు.

కొట్టు వెనక గది సంగీతానిది. గోడ పొడుగునా రికార్డులు, సీడీలు. మధ్యలో ఒక్కటే కుర్చీ. రెండో మనిషి కూర్చుంటే కదులుతాడు, కదిలితే చప్పుడవుతుంది, చప్పుడైతే ఈయనకి మండుతుంది. మూలన గుడ్డ కప్పిన పాత పియానో, దాని మీద చెడిపోయిన గోడగడియారాల డబ్బాలు. కిటికీ దగ్గర బల్ల మీద రికార్డు ప్లేయర్. దాన్ని తుడవడానికి కూడా ఇంట్లో ఎవరికీ అనుమతి లేదు.

ఈ గదిలో కూర్చునే ఆయన పదకొండు నెలలుగా ఒక మహాకార్యం తలపెట్టాడు. ఒక సంగీత మాసపత్రిక ప్రత్యేక సంచిక వేస్తోంది. ఒకే సింఫొనీకి వచ్చిన నలభై రెండు రికార్డింగులనూ విని, పోల్చి, మొదటి స్థానం నుంచి చివరి స్థానం దాకా తేల్చిచెప్పే వ్యాసం ఈయనే రాయాలి. నూరేళ్ళ కిందట ఎవరో మహానుభావుడు తన దుఃఖమంతా ఒకేచోట దిగబోసుకోవాలనుకుని రాసిన గంటన్నర సింఫొనీ అది. నూటపాతిక మంది వాద్యకారులు, ఎనిమిది హార్న్‌లు, తెర వెనక గంటలు, చివర్లో లేచి నిలబడి పాడే రెండొందల మంది. అన్నిటికీ మధ్యలో మూడో భాగం, చాలా నెమ్మదిగా సాగేది, తీగ వాయిద్యాలే ఎక్కువగా ఉండేది. ఆ మూడో భాగాన్ని ఎంతసేపు వాయించారన్నదే సెకన్లాయనకి కొలబద్ద.

పనిలో పనిగా ఆయన అందరినీ ఏకిపారేశాడు. పంతొమ్మిదో రికార్డింగు గురించి, "హార్న్‌లు వాయించేవాళ్ళు ఎనిమిదిమందీ ఎవరింట్లో వాళ్ళు కూర్చుని వాయించినట్టుంది" అని రాశాడు. ముప్ఫై మూడోదాని గురించి, "కోరస్‌లో ఒకాయన దగ్గాడు. ఈ రికార్డింగులో మనసుపెట్టి చేసిన చప్పుడు అదొక్కటే" అన్నాడు. వాద్యబృందాన్ని చేతి సైగలతో నడిపే కండక్టర్లలో ఒకాయన్ని అయితే, ఆయనకి సంగీతం కంటే మధ్యాహ్న భోజనం మీదే ధ్యాస అని తేల్చేశాడు. రాసిన ప్రతి వాక్యాన్నీ భార్యకి చదివి వినిపించేవాడు. ఆవిడ బట్టలు మడతపెట్టుకుంటూ "ఊఁ" అనేది. నలభై ఏళ్ళ కాపురంలో ఆ "ఊఁ"కి ఆవిడ పెట్టుకున్న అర్థాలు ఆయన ఎప్పుడూ ఆరా తీయలేదు.

మొదటి స్థానం ఎవరిదో పదకొండు నెలల కిందటే తేలిపోయింది. పెద్దాయనది. పెద్దాయనంటే అరవై ఏళ్ళ కిందటి ఒక కండక్టర్. ఆయన మూడో భాగాన్ని ఇరవై ఆరు నిమిషాల పది సెకన్లు నడిపాడు. సెకన్లాయన ఆ రికార్డు పెట్టినప్పుడు ఇంట్లో కుక్కరు కూడా కూత వెయ్యకూడదు. "చూశావా, ఎంత ఓర్పు! తొందరనేది తెలీని తరం" అనేవాడు. ఆ మాటే ఆయన వ్యాసానికి ఆయువుపట్టు. నల్ల రికార్డుల కాలంలో మనుషులకి సహనం ఉండేది, సీడీలొచ్చాక అందరూ పరుగు లంకించుకున్నారు అని ఇరవై పేజీల్లో నిరూపించాడు. నలభై రెండింటిలో ఇరవై మూడు రికార్డులు, పంతొమ్మిది సీడీలు. ఆయన పట్టికలో మొదటి ఇరవై మూడు స్థానాలూ రికార్డులవే. తర్వాతి పంతొమ్మిదీ సీడీలవే. గీత గీసినట్టు విడిపోయిన ఆ పట్టికని చూసి ఆయన మురిసిపోయాడు తప్ప, ఇదేమిటి ఇంత చక్కగా విడిపోయింది అని ఒక్క క్షణం కూడా అనుకోలేదు.

మధ్యలో ఒక చిన్న గొడవ జరిగింది. పెద్దాయన రికార్డింగునే కంపెనీవాళ్ళు సీడీగా మళ్ళీ విడుదల చేశారు. అట్ట మీద మూడో భాగం ఇరవై నాలుగు నిమిషాల యాభై అయిదు సెకన్లు అని అచ్చువేశారు. సెకన్లాయన ఒంటికాలి మీద లేచాడు. పెద్దాయన కష్టార్జితంలో నిమిషంపావు మింగేసిన దొంగలు అంటూ నాలుగు పేజీల ఉత్తరం రాశాడు. వాళ్ళు మర్యాదగానే జవాబిచ్చారు, మేము ఏమీ కత్తిరించలేదు, వీలైతే మీ ప్లేయర్ వేగం ఒకసారి సరిచూసుకోగలరు అని. ఆ ఉత్తరాన్ని ఆయన వారంపాటు జేబులో వేసుకుని తిరిగాడు. వచ్చినవాళ్ళందరికీ చూపించి, "గడియారాలు బాగుచేసేవాడికి వేగం గురించి పాఠం చెబుతున్నారండీ!" అని పగలబడి నవ్వాడు. విన్నవాళ్ళూ నవ్వారు. భార్య మాత్రం ఉత్తరాన్ని రెండుసార్లు చదివి, ఆయన వైపు చూసి, మడిచి ఇచ్చేసింది.

ఇక నలభై రెండోది, ఆఖరి స్థానం. అది వాళ్ళ అమ్మాయిది.

ఒక్కతే కూతురు, ముప్ఫై నాలుగేళ్ళది. నాలుగు గంటల ప్రయాణం దూరంలో ఒక ఆర్కెస్ట్రాకి కండక్టర్. ఇది ఆమె మొదటి రికార్డింగు. మూడు వారాల కిందట సీడీ కొరియర్‌లో వచ్చింది, తల్లి పేరు మీద. తండ్రికి ఒక్క ముక్క రాయలేదు. రాయకపోవడానికి కారణం ఉంది. మూడేళ్ళ కిందట ఆమె చేసిన ఒక కచేరీకి వెళ్ళొచ్చి ఈయన ఇదే పత్రికలో, "శ్రుతిని పైకి లాగితే మెరుపొస్తుందని ఎవరో ఈ అమ్మాయికి చెప్పినట్టున్నారు. మొదటి నుంచి చివరి దాకా కీచుమంది" అని రాశాడు. కూతురని తెలియనట్టు రాశాడు. పక్షపాతం లేనివాడినని దానికి గర్వపడ్డాడు కూడా. అమ్మాయి ఆ తర్వాత ఈ గుమ్మం తొక్కలేదు.

ఇప్పుడు ఆమె మూడో భాగం ఇరవై నాలుగు నిమిషాల యాభై ఎనిమిది సెకన్లుంది. ఆయన రాశాడు, "బస్సు తప్పిపోతుందేమోనన్న కంగారు తప్ప ఇందులో ఇంకేమీ లేదు. ఇది అసలు పోల్చదగ్గ రికార్డింగే కాదు. సంఖ్య కోసం చేర్చాను." ఆ వాక్యం కూడా భార్యకి చదివి వినిపించాడు. ఈసారి ఆవిడ "ఊఁ" అనలేదు.

"ఇది అచ్చయితే అమ్మాయి ఇక రాదు" అంది. "ఇప్పటిదాకా అలిగింది. ఇకమీదట అలక కూడా ఉండదు. అర్థమవుతోందా మీకు?"

"సంగీతంలో చుట్టరికాలుండవు" అన్నాడాయన.

"ఇంట్లో కూడా లేకుండా చేస్తున్నారు" అని ఆవిడ లేచి వెళ్ళిపోయింది.

వ్యాసం ఆ ఆదివారం సాయంత్రం అయిదింటికల్లా పత్రిక ఆఫీసులో ఉండాలి. అయితే సంపాదకుడు ఒక మెలిక పెట్టాడు. ఈయన రాతల మీద ఫిర్యాదులు ఎక్కువయ్యాయి కాబట్టి ఒక్కరి చెవి మీద తీర్పు వెయ్యలేమనీ, మొదటి స్థానాన్నీ చివరి స్థానాన్నీ ఇంకొకరు విని, ఒప్పుకుని, కింద సంతకం పెట్టాలనీ అన్నాడు. సెకన్లాయన పళ్ళు కొరికాడు. తర్వాత ఆలోచిస్తే మనసు కుదుటపడింది. సంతకానికేం భాగ్యం, బావమరిది ఉన్నాడుగా!

బావమరిదిది పియానోలు శ్రుతి చేసే వృత్తి. భార్యకి తమ్ముడు. నోట్లో నాలుక లేని మనిషని పేరు. బావ ఎడ్డెమంటే ఎడ్డెమనే, తెడ్డెమంటే తెడ్డెమనే. ముప్ఫై ఏళ్ళలో బావ మాటకి ఎదురు చెప్పిన పాపాన పోలేదు. అతన్ని సెకన్లాయన సొంత చెవిలేని శ్రుతిగాడని నలుగురిలో వెక్కిరించేవాడు. అతను ఇకిలించేవాడు.

ఆదివారం పదింటికి అతను పనిముట్ల సంచీతో సహా వచ్చాడు. తర్వాత ఎవరింటికో వెళ్ళాలట. నిలబడే విన్నాడు. ముందు అమ్మాయి సీడీ. సెకన్లాయన స్టాప్‌వాచీ నొక్కాడు, కళ్ళు మూసుకున్నాడు, మధ్యమధ్యలో పెదవి విరిచాడు. ఇరవై నాలుగూ యాభై ఎనిమిది. "విన్నావుగా, పరుగు" అన్నాడు. తర్వాత పెద్దాయన రికార్డు. సూది దించాక ఆయన ముఖమే మారిపోయింది. ఇరవై ఆరూ పది. "విన్నావుగా" అన్నాడు మళ్ళీ, గొంతు తగ్గించి.

అప్పుడు కాగితం తీసి బావమరిది ముందు పెట్టాడు. "ఇక్కడ సంతకం పెట్టు."

బావమరిది కాగితం చదివాడు. ఎప్పుడూ ఏదీ చదవనివాడు మొత్తం చదివాడు. బస్సు మాట దగ్గరికొచ్చి ఆగాడు.

"నేను పెట్టను బావా" అన్నాడు.

సెకన్లాయనకి సరిగా వినబడలేదనిపించింది. "ఏమిటి?"

"సంతకం పెట్టను. కావాలంటే ఇంకెవరినైనా అడగండి."

"నిన్ను అభిప్రాయం ఎవడడిగాడురా? నీకు చెవుంటేగా అభిప్రాయం ఉండటానికి! ఎందుకు పెట్టవు? మేనకోడలని జాలా?"

బావమరిది అక్క వైపు చూశాడు. ఆవిడ గుమ్మానికి ఆనుకుని నిలబడి ఉంది. ఎప్పట్నుంచి నిలబడిందో.

"చెప్పెయ్యరా" అంది ఆవిడ. "ఇంకెన్నాళ్ళు మోస్తావు."

అతను పియానో దగ్గరికి వెళ్ళి గడియారాల డబ్బాలు ఒక్కొక్కటీ కింద పెట్టాడు. గుడ్డ తీశాడు. మూత ఎత్తాడు. "బావా, ఆ రికార్డు చివర్లో తీగలన్నీ ఒకే స్వరం మీద ఆగుతాయి కదా. అక్కడ పెట్టండి."

ఏదో కోతి ఆట చూసినట్టు చూస్తూ సెకన్లాయన సూది అక్కడ దించాడు. స్వరం నిలబడగానే బావమరిది ఒక మెట్టు నొక్కాడు. రికార్డూ పియానో ఒకటే పలికాయి.

"అయితే? రెండూ కలిశాయి" అన్నాడు సెకన్లాయన గెలిచినవాడిలా. "పెద్దాయన శ్రుతి ఎంత శుద్ధంగా ఉందో నీ పియానోయే సాక్ష్యం చెబుతోంది."

బావమరిది సంచీలోంచి శ్రుతి చూసే ఉక్కు ఫోర్కు తీసి మోకాలికి కొట్టి, దాని కాడ పియానో చెక్కకి ఆనించాడు. గదంతా ఒక సన్నటి స్వరం పరుచుకుంది. తర్వాత పియానోలో అదే స్వరం పలకాల్సిన మెట్టు నొక్కాడు. అది పలకలేదు. దాదాపు ఒక మెట్టంత కింద, బరువుగా, ఇంకేదో పలికింది.

"రెండూ తప్పే బావా" అన్నాడు. "మీ ప్లేయర్ నెమ్మదిగా తిరుగుతుంది. నెమ్మదిగా తిరిగితే శ్రుతి కూడా కిందికి జారుతుంది. పియానోని తప్పు చేసింది మాత్రం నేనే."

 అతనే మళ్ళీ అందుకున్నాడు.

"పాపకి ఆరేళ్ళప్పుడు పియానో కొన్నారు, గుర్తుందా? శ్రుతి చేసి పెట్టాను. మీరొచ్చి రికార్డు పెట్టి, కలవలేదు, నీకు పని రాదు అన్నారు. మళ్ళీ చేశాను. మళ్ళీ తిట్టారు. మూడోసారి ఇదే ఫోర్కు తెచ్చి చూపించబోతే, ఫోర్కు కూడా నీలాంటిదే అన్నారు. పక్కింటివాళ్ళ ముందు. నాకు అప్పుడే పెళ్ళయింది, మా ఆవిడ కూడా ఉంది. నాలుగోసారి ఇంక నావల్ల కాక తీగలన్నీ దించేసి మీ రికార్డుకి కలిపేశాను. మీరు భుజం తట్టారు, ఇప్పుడు పని నేర్చుకున్నావన్నారు." అతను ఫోర్కుని చొక్కా అంచుతో తుడిచాడు. "ఇన్నేళ్ళలో మీరు నన్ను మెచ్చుకున్నది అదొక్కసారే."

"అబద్ధం!" అన్నాడు సెకన్లాయన.

అయినా ఆయన గడియారాలవాడు. అబద్ధమో నిజమో తేల్చే దారి చేతిలోనే ఉంది, అదే ఆయన్ని మండించింది. రికార్డు తీసేసి తిరిగే పళ్ళెం అంచున ఒక తెల్ల కాగితం ముక్క అంటించాడు. వేగం సరిగా ఉంటే వంద చుట్లకి మూడు నిమిషాలు పట్టాలి. ఒక్క సెకను అటూ ఇటూ కావడానికి వీల్లేదు. లెక్కపెట్టాడు. మూడు నిమిషాల తొమ్మిది సెకన్లు. ఎక్కడో చుట్టు తప్పానని మళ్ళీ లెక్కపెట్టాడు. తొమ్మిది సెకన్లు. మూడోసారి భార్యని లెక్కపెట్టమన్నాడు, తను స్టాప్‌వాచీ నొక్కుతానన్నాడు. ఆవిడ నిలబడి ఒకటీ రెండూ అంటూ వంద దాకా గట్టిగా చదివింది. తొమ్మిది సెకన్లు.

స్టాప్‌వాచీ చెడిపోయిందంటాడేమోనని బావమరిది భయపడ్డాడు. ఆయన అనలేదు. ప్లేయర్ పళ్ళెం ఎత్తి పక్కన పెట్టి, రబ్బరు బెల్టు విప్పి, మోటారుకి ఉన్న ఇత్తడి పుల్లీని చూశాడు. అది ఆయన చేతిదే. ఇరవై తొమ్మిదేళ్ళ కిందట ప్లేయర్ కంపెనీ ఇచ్చిన ప్లాస్టిక్ పుల్లీ పగులిచ్చింది. కంపెనీవాళ్ళ పనితనం ఇంతేనని దుమ్మెత్తిపోసి, సొంత లేతు మీద ఇత్తడితో కొత్తది తిప్పుకున్నాడు. మిల్లీమీటరులో నూరోవంతు కూడా తేడా రాకుండా పాతదానికి నకలు తీశానని అప్పట్లో ఊరంతా చెప్పుకున్నాడు. అది నిజమే. మందం కొలిచే కాలిపర్ పెట్టి చూస్తే సరిగ్గా పది మిల్లీమీటర్లు.

పాత పుల్లీ పారెయ్యలేదు. ఆ ఇంట్లో ఏ ముక్కా పారెయ్యరు. సొరుగులో అగ్గిపెట్టెలో ఉంది. భూతద్దం కంటికి బిగించి దాన్ని వెలుతురులో తిప్పాడు. బెల్టు నడిచే చోట నడుమంతా అరిగి ఉంది. పైఅంచున బెల్టు తగలని చోట సన్నటి గీతంత అసలు కొలత మిగిలింది. అక్కడ కాలిపర్ పెట్టాడు. పదిన్నర.

అరిగిపోయిన ముక్కకి, అరిగినంత మేరా, వెంట్రుకవాసి తేడా లేకుండా నకలు తీశాడన్నమాట. ఇలాంటి పని కొట్టుకి ఎవరైనా చేసి పట్టుకొస్తే ఏమనేవాడో ఆయనకి బాగా తెలుసు. ప్రతి మాటా నోట్లోనే తిరిగింది.

పుల్లీ సన్నబడితే పళ్ళెం నెమ్మదిస్తుంది, కాలం నూటికి అయిదు పెరుగుతుంది. పెద్దాయన ఇరవై ఆరూ పదిలోంచి ఆ పెరిగింది తీసేస్తే ఎంతవుతుందో కాగితం మీద వెయ్యక్కర్లేదు. వేశాడు. ఇరవై నాలుగూ యాభై అయిదు. కంపెనీ దొంగలు అట్ట మీద అచ్చువేసిన లెక్క అది. అమ్మాయి ఇరవై నాలుగూ యాభై ఎనిమిది. ఆయన దేవుడి కంటే బస్సు కోసం పరిగెత్తిన అమ్మాయే మూడు సెకన్లు నెమ్మది. పట్టికలో పైనున్న ఇరవై మూడు స్థానాలు ఎందుకు పైనున్నాయో, కింది పంతొమ్మిది ఎందుకు కిందున్నాయో అప్పుడు తెలిసొచ్చింది. పదకొండు నెలలుగా ఆయన బేరీజు వేసింది కండక్టర్లని కాదు, తన పుల్లీని.

"ముప్ఫై ఏళ్ళుగా తెలుసా నీకు?" అని బావమరిదిని అడిగాడు.

"తెలుసు."

"నీకూ?" అని భార్యని అడిగాడు.

"అమ్మాయి సంగీతం కాలేజీలో చేరినప్పుడు తెలిసింది" అంది ఆవిడ. కుర్చీలో కూర్చుంది, ఆయన ఒక్కడి కుర్చీలో. "పద్దెనిమిదేళ్ళది. మొదటి వారంలోనే అందరి ముందూ నిలబెట్టి, ఈ స్వరమేదో చెప్పమన్నారట. అది చెప్పిందల్లా తప్పే. ప్రతిదీ ఒక మెట్టు పైన చెప్పిందట. నీ చెవులు ఎవరమ్మా శ్రుతి చేసిందని ఆ మాస్టారు అడిగితే క్లాసంతా నవ్వారట. రాత్రింబవళ్ళు ఏడ్చింది. పన్నెండేళ్ళు ఈ పియానో మీద విన్నదంతా చెరిపేసుకుని మళ్ళీ అ ఆల నుంచి నేర్చుకోవడానికి దానికి ఏడాది పట్టింది. సెలవులకొచ్చినప్పుడు ఫోర్కు పట్టుకొచ్చి చూసుకుంది. నేనూ విన్నాను."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబుదామనే అనుకుంది. ఆ సంవత్సరం పరీక్ష తప్పింది కదా. అప్పుడు మీరు దానికో ఉత్తరం రాశారు. గుర్తుందా?"

గుర్తుంది. గుర్తులేకపోతే బాగుండేది. నాలుగు వాక్యాల ఉత్తరం. "నీకు చెవి లేదు. చెవి లేనివాళ్ళకి సంగీతం ఎందుకు? డబ్బు దండగ, నా పరువు దండగ. ఇంకేదైనా పని చూసుకో" అని రాశాడు. బాగా రాశానని కూడా అప్పుడు అనుకున్నాడు. ఇంట్లో అందరూ తెలిసి నోరు మూసుకున్నారు. ఒకడు పియానో శ్రుతి దించాడు, ఒకతి ఉత్తరాలు మడిచి ఇచ్చింది, ఒకతి చెవులు మార్చుకుంది. ఆయనకి ఎదురుచెప్పడం కంటే అందరికీ అదే తేలికైంది. ఈ సంగతి లోపల దిగేసరికి సెకన్లాయనకి సిగ్గేసింది. నిలబడ్డచోటే నేల మీద, గడియారాల డబ్బాల మధ్య కూలబడ్డాడు.

గోడగడియారంలో పన్నెండు దాటింది. కాసేపటికి ఆయన, "అమ్మాయి నంబరు నీ దగ్గరుందా?" అని అడిగాడు.

భార్య తన ఫోనే కలిపి ఇచ్చింది.

"అమ్మా, త్వరగా చెప్పు, రిహార్సల్ మధ్యలో ఉన్నాను" అంది అమ్మాయి. వెనక నూటపాతిక మంది వాయిద్యాలు సవరించుకుంటున్న గోల. అందులోంచి ఒక స్వరం లేచి నిలబడింది, మిగతావన్నీ దానికి వచ్చి కలిశాయి. ఆయన చెవికి ఎప్పట్లాగే కీచుమంది. ఇన్నాళ్ళూ లోకమంతా కీచుమంటోందనుకున్నాడు.

"నేను" అన్నాడు.

అటు నడిచిన అలికిడి. తర్వాత తలుపు మూసిన శబ్దం, గోల దూరమైంది.

"చెప్పు నాన్నా."

ఏడవలేదు, క్షమించమనలేదు. అవి ఆయనకి రావు. "మూడో భాగాన్ని పెద్దాయన కంటే మూడు సెకన్లు సాగదీశావు" అన్నాడు.

ఆమె, "పళ్ళెం కొలిచావా?" అని అడిగింది.

"కొలిచాను. పుల్లీ పది. పదిన్నర ఉండాలి." పాత పుల్లీని వేళ్ళ మధ్య తిప్పాడు. "నువ్వు కాలేజీలో ఉన్నప్పుడు నేను రాసిన ఉత్తరం..."

"అది వద్దులే" అంది ఆమె వెంటనే. "అది నాకు కంఠతా వచ్చు. మళ్ళీ చెప్పక్కర్లేదు."

"నీ రికార్డింగు మళ్ళీ వింటాను. సరిగా."

"విను. వినకపోయినా పర్లేదు నాన్నా." గొంతులో కోపం లేదు, అదే ఆయన్ని కుదిపింది. "ఆ మూడో భాగం నాకు నీ గదిలోనే వచ్చింది. తలుపు బయట కూర్చుని వినేదాన్ని. ఇప్పటికీ చెయ్యెత్తితే ముందు ఆ వేగమే వస్తుంది. వాయించేవాళ్ళకి ఊపిరి చాలదు, గొణుగుతారు. అందుకని స్వరాలన్నీ అచ్చువేసి ఉండే స్కోరు మొదటి పేజీలో పైన పెన్సిల్‌తో ఒక మాట రాసుకుంటాను. చెయ్యెత్తే ముందు అది చూసుకుంటాను."

"ఏమని?"

"నాన్నని తీసెయ్ అని."

 అటునుంచి ఎవరో తలుపు తట్టారు. "అందరూ కూర్చున్నారు. వెళ్ళాలి. అమ్మకి రాత్రి చేస్తానని చెప్పు" అని ఆమె పెట్టేసింది.

ఆయన ఫోను భార్యకిచ్చి బల్ల దగ్గర కూర్చున్నాడు. ఇరవై పేజీలనూ అడ్డంగా చించాడు. బావమరిది అడ్డుపడబోయి ఆగిపోయాడు. తెల్లకాగితం తీసి రాయడం మొదలుపెట్టాడు. రెండున్నర దాకా తలెత్తలేదు. భోజనానికి పిలిస్తే కసిరాడు, ఆ కసురులో మాత్రం తేడా ఏమీ లేదు. నలభై రెండు రికార్డింగుల మీద వాడిన తిట్లలో ఒక్కటీ వృథా పోనివ్వలేదు. మిగిలిపోయినవి కూడా వెతికి తెచ్చి, ఒక్కొక్కటిగా, పుల్లీ కొలతతో సహా, కంపెనీకి రాసిన నాలుగు పేజీల ఉత్తరంతో సహా, ఒకే మనిషి నెత్తిన దిమ్మరించాడు. అమ్మాయి రికార్డింగు గురించి మాత్రం ఒక్క మాటా రాయలేదు. వ్యాసం చివర నలభై రెండో స్థానంలో తన పేరు రాశాడు. మిగతా నలభై ఒకటీ ఖాళీగా వదిలేశాడు.

మూడింటికి కాగితాలు బావమరిది ముందు పెట్టాడు. మొదటి వాక్యం, "ఈ వ్యాసం రాసినవాడికి చెవి లేదు" అని ఉంది.

బావమరిది మొత్తం చదివాడు. వెనక్కి తిప్పి మళ్ళీ చదివాడు. చదువుతున్నంతసేపూ అతని ముఖంలో జాలి లేదు, సెకన్లాయన అది గమనించాడు. చదవడం అయ్యాక అతను జేబులోంచి కలం తీసి, "సంతకం ఎక్కడ బావా?" అని అడిగాడు.